పబ్లిషర్‌తో బేరానికి ముందు మనలో మనకు బేరం తెగాలి

నాలుగైదు లైబ్రరీలు కలిసి ఈ-జర్నల్స్ ప్యాకేజీ తీసుకుందామని కూర్చోగానే మొదట వచ్చే ప్రశ్న ఒకటే, డిస్కౌంట్ ఎంత వస్తుంది? నేనూ మొదట్లో అదే అడిగాను. రెండు మూడు రెన్యువల్స్ దగ్గరుండి చూశాక తెలిసిందేంటంటే, పబ్లిషర్‌తో ధర గురించి జరిగే వాదన అసలు పనిలో చిన్న ముక్క. మిగతా తలనొప్పి అంతా మనలో మనకే. ఎవరు ఎంత కట్టాలి, ఎవరి మాట చెల్లాలి, రేటు నచ్చకపోతే అందరం కలిసి వద్దు అనగలమా, లేక చివరి వారంలో ఎవరికి వారు చాటుగా వెళ్లి సంతకం పెట్టేసి వస్తామా. ఇవి తేలకుండా వెళ్లి కూర్చుంటే అవతలి మనిషి పది నిమిషాల్లో పసిగట్టేస్తాడు. వాళ్లకు ఇది రోజూ చేసే పని, మనకేమో ఏడాదికోసారి వచ్చే గండం.

అందుకే కన్సార్టియం (కలిసి కొనే లైబ్రరీల కూటమి) తరఫున ఉమ్మడి లైసెన్స్ తీసుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పేది చాలావరకు ఇంట్లో చక్కబెట్టుకోవాల్సిన పని గురించే ఉంటుంది.

ముందు అందరి లెక్కలూ ఒకే షీట్‌లోకి

ఒక్కో లైబ్రరీ ఇప్పుడు ఆ పబ్లిషర్‌కు ఎంత కడుతోంది, ఏ టైటిల్స్‌కు కడుతోంది, ఒప్పందం ఏ తేదీతో ముగుస్తుంది, నేరుగా కొంటోందా ఏజెంట్ ద్వారానా, పన్ను ధరలో కలిసే ఉందా విడిగా పడుతోందా. ఇవన్నీ ఒకే షీట్‌లో, ఒకే పద్ధతిలో రాయాలి. గుమాస్తా పనిలా ఉంటుంది కానీ మొదటి షాక్ ఇక్కడే తగులుతుంది, ఎందుకంటే దాదాపు ఒకే సైజున్న రెండు సంస్థలు ఒకే ప్యాకేజీకి కడుతున్న మొత్తాలకు పొంతనే ఉండకపోవచ్చు. దీని వెనుక ఒక పాత కథ ఉంది. 1996లో అకడమిక్ ప్రెస్‌తో మొదలైన 'బిగ్ డీల్' పద్ధతిలో చాలామంది పబ్లిషర్లు, ఆ లైబ్రరీ అప్పటికి ప్రింట్ జర్నల్స్‌కు కడుతున్న మొత్తాన్నే పునాదిగా తీసుకుని, పైన కొంత కలిపి మొత్తం జర్నల్స్ అన్నీ తెరిచి ఇచ్చారు. ఆ పునాది మీద ఏటా ఇంత శాతం అని పెరుగుతూ వచ్చింది. అప్పుడెప్పుడో ఎక్కువ జర్నల్స్ తెప్పించుకున్న పాపానికి ఆ లైబ్రరీ ఇప్పటికీ ఎక్కువ కడుతూనే ఉంటుంది, ఆ జర్నల్స్ అడిగిన ప్రొఫెసర్లు ఎప్పుడో రిటైరైపోయినా సరే.

ఇక్కడ ఒక అడ్డంకి వస్తుంది. పాత ఒప్పందంలో ధర బయటికి చెప్పకూడదనే క్లాజ్ ఉంటే సభ్యులు లెక్క ఇవ్వడానికి వెనకాడతారు. ముందు ఆ క్లాజ్‌ని అక్షరం అక్షరం చదవమనండి, సంస్థలో లీగల్ మనిషి ఉంటే చూపించమనండి. 'చెప్పకూడదేమో' అని ఊరికే భయపడేవాళ్లే ఎక్కువ, నిజంగా అలాంటి క్లాజ్ ఉన్నవాళ్లు తక్కువ. ఉంటే మాత్రం గౌరవించాల్సిందే, కాకపోతే కొత్త ఒప్పందంలో ఆ క్లాజ్ ఉండకూడదని అప్పుడే రాసి పెట్టుకోండి.

ఆ తర్వాత అధికారం సంగతి. పబ్లిషర్‌తో ఎవరు మాట్లాడతారు, ఎంతవరకు ఒప్పుకునే స్వేచ్ఛ వాళ్లకుంది, ఏ గీత దాటితే వెనక్కి వచ్చి అందర్నీ అడగాలి. ఒక పేజీలో రాసి ప్రతి సంస్థ తరఫునా డబ్బు మీద సంతకం చేసే మనిషి చేత సంతకం పెట్టించండి. లైబ్రేరియన్ సంతకం సరిపోదు, ఎందుకో మీకే తెలుసు. చర్చలు నడుస్తున్నన్ని రోజులూ సభ్యులెవరూ ఆ పబ్లిషర్‌తో విడిగా మాట్లాడకూడదని కూడా అందులోనే రాయాలి. సేల్స్ వాళ్లు ఒక్కో లైబ్రరీకి ఫోన్ చేసి "మీకు మాత్రం స్పెషల్ రేటు" అనడం మామూలే, అలా ఒక్కరు జారితే మిగతావాళ్ల బలం సగం పోయినట్టే.

వాడకం లెక్క చదవడం

యూసేజ్ రిపోర్టులు అందరూ దించుకుంటారు, చదివేవాళ్లు కొద్దిమంది. పబ్లిషర్లు ఇచ్చే లెక్కలు ఒకదానితో ఒకటి పోల్చుకునేలా ఉండాలని కౌంటర్ (COUNTER) అనే ప్రమాణం 2003 నుంచి ఉంది. దాని 5వ రిలీజ్ 2019 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, 5.1 రిలీజ్ 2025 జనవరి నుంచి. పబ్లిషర్ సొంతంగా తయారుచేసిన రంగురంగుల గ్రాఫులు పక్కన పెట్టి కౌంటర్ రిపోర్టులే అడగండి.

అందులో 'టోటల్ ఐటెమ్ రిక్వెస్ట్స్', 'యూనిక్ ఐటెమ్ రిక్వెస్ట్స్' అని రెండు అంకెలు కనిపిస్తాయి. ఒక విద్యార్థి ఒక ఆర్టికల్‌ని తెర మీద వెబ్‌పేజీగా తెరిచాడనుకోండి, బాగుందని అదే సెషన్‌లో పీడీఎఫ్ కూడా దించుకున్నాడు. టోటల్‌లో అది 2, యూనిక్‌లో 1. కొన్ని ప్లాట్‌ఫారాలు లింక్ నొక్కగానే పూర్తి వెబ్‌పేజీనే తెరుస్తాయి, పీడీఎఫ్ కావాలంటే అక్కడినుంచే వెళ్లాలి, అంటే ఒక్క చదువుకు రెండు లెక్కలు. సేల్స్ ప్రెజెంటేషన్‌లో టోటలే కనిపిస్తుంది, అందులో ఆశ్చర్యమేమీ లేదు. మీ లెక్కకు యూనిక్ తీసుకోండి.

జర్నల్స్‌కు సంబంధించిన రిపోర్టుల్లో మూడు నాకు బాగా పనికొస్తాయి. టీఆర్ జే1 (TR_J1) మామూలు వాడకం, ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) ఆర్టికల్స్‌ని తీసేసి చూపిస్తుంది, కాబట్టి మనం డబ్బు కట్టినందుకు చదివిందేదో తెలుస్తుంది. టీఆర్ జే2 తలుపు దగ్గరినుంచి వెనక్కి పంపిన సందర్భాల లెక్క, అంటే ముఖ్యంగా మన దగ్గర లైసెన్స్ లేని టైటిల్ కోసం ఎన్నిసార్లు ప్రయత్నించారన్నది. ఇక టీఆర్ జే4, చాలామంది తెరవని రిపోర్ట్, ఏ సంవత్సరం ఆర్టికల్స్ ఎన్నిసార్లు చదివారో చూపిస్తుంది. దీన్ని తప్పకుండా తీయండి. చదివినవాటిలో పెద్ద భాగం పాత సంవత్సరాలవే అయ్యి, వాటి మీద మీకు శాశ్వత హక్కు ఉంటే, రేపు సబ్‌స్క్రిప్షన్ ఆపేసినా ఆ భాగం మీ చేతిలోనే ఉంటుంది. వద్దు అని చెప్పే ధైర్యం ఈ రిపోర్ట్‌లోంచే వస్తుంది.

వాటాలు

కన్సార్టియంలు విడిపోయేది ఎక్కువగా ఇక్కడే. సమానంగా పంచుకుందాం అంటే చిన్నవాళ్లు గొల్లుమంటారు, విద్యార్థుల సంఖ్యను బట్టి అంటే పెద్ద సంస్థలు ముఖం మాడ్చుకుంటాయి, వాడకాన్ని బట్టి అంటే మరీ విచిత్రం, బాగా ప్రచారం చేసి వాడకం పెంచిన లైబ్రేరియన్‌కి మరుసటి ఏడు శిక్ష పడుతుంది. పాత చెల్లింపుల ప్రకారం పంచుకోవడం గొడవ లేని దారి, కానీ ఇందాక చెప్పిన పాత అన్యాయం అలాగే ముందుకు నడుస్తుంది.

నా మటుకు కలగలుపు ఫార్ములానే మేలు. ఒక లెక్క వేసి చూద్దాం. మూడు సంస్థలు, మొత్తం ఖర్చు 100 అనుకుందాం. మొదటిదాంట్లో 10,000 మంది విద్యార్థులు, వాడకంలో 60 శాతం వాళ్లది. రెండోదాంట్లో 4,000 మంది, వాడకం 36 శాతం. మూడోదాంట్లో 1,000 మంది, వాడకం 4 శాతం. సమానంగా పంచితే మూడోది 33 కట్టాలి, అది ఆ మీటింగ్‌లోంచే లేచి వెళ్లిపోతుంది. వాడకాన్ని బట్టి పంచితే అది 4 కడుతుంది, మొదటిది 60 కడుతూ "మేమెందుకు వీళ్లతో కలవాలి" అంటుంది. ఇప్పుడు ఖర్చులో 20 భాగం సమానంగా, 40 భాగం విద్యార్థుల సంఖ్య మీద, 40 భాగం వాడకం మీద పంచండి. మొదటిది దాదాపు 57, రెండోది 32, మూడోది 11. ఎవరికీ పూర్తిగా నచ్చదు, ఎవరూ లేచి వెళ్లరు.

ఈ 20-40-40 వేదమేమీ కాదు, మీ అంకెలు మీరు పెట్టుకోండి. రెండు రక్షణలు మాత్రం పెట్టుకోవాలి. వాడకం కోసం ఒక్క ఏడాది లెక్క తీసుకోకుండా మూడేళ్ల సగటు తీసుకోవడం ఒకటి. ఏ సభ్యుడి వాటా కూడా ఒక్క ఏడాదిలో ఇంత శాతానికి మించి పెరగకూడదని గరిష్ఠ పరిమితి పెట్టడం రెండోది. కొత్త ఫార్ములా న్యాయమైనదే కావచ్చు, కానీ ఒకేసారి వాటా రెట్టింపైతే ఆ లైబ్రేరియన్ తన మేనేజ్‌మెంట్‌కు ఏం చెప్పుకుంటారు? మూడు నాలుగేళ్లలో మెల్లగా మార్చండి.

ఇంకో ప్రశ్న ఇప్పుడే అడగండి, మధ్యలో ఒకరు మానేస్తే వాళ్ల వాటా ఎవరు మోయాలి? దీనికి జవాబు వాటాల కాగితంలో లేకపోతే ఆ ఏడు మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. పబ్లిషర్ ఒప్పందంలోనే, సభ్యుడు తప్పుకుంటే మొత్తం ధర ఆ మేరకు తగ్గాలని రాయించుకోవడం ఉత్తమం.

ధరలోనే ఆర్టికల్ ప్రచురణ ఫీజు కూడా కలిపేసే రీడ్ అండ్ పబ్లిష్ ఒప్పందాల్లో ఈ ఫార్ములా మళ్లీ తలకిందులవుతుంది. రాసేవాళ్లు ఎక్కువున్న పరిశోధన సంస్థల వాటా పెరుగుతుంది, పాఠాలు చెప్పడమే ప్రధానమైన సంస్థలు "మేం చదువుకోవడానికి వచ్చాం, వాళ్ల పేపర్లకు మేమెందుకు కట్టాలి" అంటాయి, అనడంలో తప్పు కూడా లేదు. చదివే భాగానికి ఒక ఫార్ములా, ప్రచురించే భాగానికి ఇంకో ఫార్ములా విడిగా పెట్టుకోండి.

లైసెన్స్ కాగితం

పబ్లిషర్ పంపిన డ్రాఫ్ట్ మీద పని మొదలుపెట్టకండి, మీ నమూనా మీరు పంపండి. యేల్ యూనివర్సిటీ లైబ్రరీలో పుట్టిన లిబ్‌లైసెన్స్ నమూనా అందరికీ అందుబాటులో ఉంది, దాన్ని మీ అవసరానికి మార్చుకోవచ్చు. చిన్న పబ్లిషర్‌తో చిన్న కొనుగోలైతే అసలు లైసెన్సే లేకుండా, ఇరుపక్షాలూ ఒక ఉమ్మడి అవగాహనకు కట్టుబడే సెరు అనే పద్ధతి కూడా ఉంది, అమెరికాలోని ప్రమాణాల సంస్థ నైసో 2008లో తెచ్చింది.

ఎవరు వాడొచ్చు అనే నిర్వచనం మీద ఒక పూట కూర్చోండి. విద్యార్థులు, అధ్యాపకులు సరే. పార్ట్ టైమ్ వాళ్లు? రిటైరైన ప్రొఫెసర్లు? లైబ్రరీకి నడిచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చునే బయటివాళ్లు? ఇంటినుంచి లాగిన్ అయ్యేవాళ్లు? 'సైట్' అంటే ఒక క్యాంపసా, ఒక ఊరా, మొత్తం సంస్థా? ఒక పదం తేడాతో దూరంగా ఉన్న రెండో క్యాంపస్‌కి విడిగా బిల్లు వస్తుంది.

శాశ్వత హక్కు క్లాజ్‌లో "కొనుగోలుదారుకు సబ్‌స్క్రిప్షన్ కాలంలో ప్రచురితమైనవాటిపై హక్కు కొనసాగుతుంది" అని రాసి ఉంటే ఆనందపడిపోకండి. ఎక్కడ కొనసాగుతుంది? పబ్లిషర్ సర్వర్ మీదేనా, దానికి ఏటా ప్లాట్‌ఫారం ఫీజు ఉందా, పబ్లిషరే మూతపడితే ఎలా? పోర్టికో, క్లాక్స్ లాంటి ఆర్కైవ్‌లలో ఆ జర్నల్స్ ఉన్నాయో లేదో చూసి, ఆ పేరు కాగితంలో రాయించాలి. ఇంకా, కన్సార్టియం రద్దయినా, ఒక సభ్యుడు విడిపోయినా ఈ హక్కు ఒక్కో లైబ్రరీకి విడివిడిగా మిగలాలి. ఉమ్మడి లైసెన్స్‌లో తరచూ మరిచిపోయేది ఇదే.

టైటిల్స్ జాబితా విషయంలో నేను ఒకసారి బోల్తా పడ్డాను. కాగితంలో జాబితా ఉండాల్సిన చోట "పబ్లిషర్ వెబ్‌సైట్‌లో ఉన్న జాబితా ప్రకారం" అని ఒక లింక్ ఇచ్చారు, అంతా ఒకటేగా అని నేను పట్టించుకోలేదు. ఏడాది మధ్యలో మా వాళ్లు బాగా చదివే రెండు జర్నల్స్ వేరే చోటికి వెళ్లిపోయాయి, వెబ్‌సైట్‌లో జాబితా నిశ్శబ్దంగా మారిపోయింది, అడిగితే "ఒప్పందం ప్రకారమే ఉంది కదండీ" అన్నారు. నిజమే, ఒప్పందం ప్రకారమే ఉంది. అప్పటినుంచి సంతకం నాటి జాబితాని అనుబంధంగా జతచేయకుండా నేను కాగితం ముట్టుకోను, ఇంత శాతానికి మించి టైటిల్స్ పోతే ధర తగ్గాలని కూడా రాయిస్తాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఏటా ధర పెరుగుదలకు గరిష్ఠ పరిమితి. బడ్జెట్ కోత పడితే జరిమానా లేకుండా బయటికొచ్చే దారి. ఇంటర్ లైబ్రరీ లోన్‌కి (వేరే లైబ్రరీ అడిగితే ఆర్టికల్ ప్రతి పంపడానికి) అనుమతి, అదీ ప్రింట్ తీసి మళ్లీ స్కాన్ చేయాల్సిన పని లేకుండా. ఎవరో ఒక వాడుకరి తప్పు చేస్తే మొత్తం కన్సార్టియానికి యాక్సెస్ ఆపకుండా, ముందు నోటీసు, సరిదిద్దుకోవడానికి 30 రోజుల గడువు. పరిశోధన కోసం టెక్స్ట్, డేటా మైనింగ్‌కి (కంప్యూటర్‌తో పెద్ద సంఖ్యలో ఆర్టికల్స్‌ని ఒకేసారి విశ్లేషించడానికి) అనుమతి. ఏఐ టూల్స్‌లో వాడకూడదంటూ ఈమధ్య డ్రాఫ్టుల్లో వస్తున్న మాటలు చాలా వెడల్పుగా ఉంటున్నాయి, మామూలు పరిశోధన కూడా వాటి కిందికి వచ్చేస్తుంది, కాబట్టి ఆ పేరా దగ్గర ఆగి చదవండి.

బల్ల దగ్గర

ఒప్పందం డిసెంబర్‌లో ముగుస్తుంటే మాటలు ఆ ఏడు మొదట్లోనే మొదలుపెట్టాలి. నవంబర్‌లో మొదలుపెడితే గడియారం వాళ్ల వైపు పనిచేస్తుంది. అడిగే కోరికల్ని రాసి పంపండి, వాటిలో ఏవి లేకపోతే సంతకం పెట్టమో మనకు మాత్రమే తెలిసిన ఇంకో కాగితంలో ఉండాలి.

వద్దు అనడం నిజంగా సాధ్యమా అని అడుగుతారు. సాధ్యమే, చాలామంది చేశారు. స్వీడన్‌లో బిబ్‌సామ్ కన్సార్టియం 2018 జూన్ 30 తర్వాత పెద్ద జర్నల్ పబ్లిషర్ ఎల్సెవియర్‌తో ఒప్పందాన్ని పొడిగించలేదు, 2019 నవంబర్‌లో కొత్త ఒప్పందం కుదిరింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ కూడా ఎల్సెవియర్‌తో 2019 ఫిబ్రవరిలో మాటలు తెంచుకుంది, 2021 మార్చిలో మళ్లీ కలిసింది, ఈసారి ఓపెన్ యాక్సెస్ ప్రచురణతో కలిపి. జర్మనీలో దేశమంతటి తరఫున బేరమాడే డీల్ (DEAL) ప్రాజెక్ట్ 2019లో వైలీతో, 2020లో స్ప్రింగర్ నేచర్‌తో ఒప్పందాలు చేసుకుంది, ఎల్సెవియర్‌తో మాత్రం 2023 వరకు ఆగింది. ఒప్పందం లేని ఆ రోజుల్లో అక్కడి పరిశోధకులకు ఇబ్బంది లేదని కాదు. కానీ పాత సంచికల మీద శాశ్వత హక్కు, ఇంటర్ లైబ్రరీ లోన్, ఉచితంగా దొరికే ప్రతులను చూపించే అన్‌పేవాల్ లాంటి టూల్స్, ఇవన్నీ కలిపితే ఒక ఏడాది నెట్టుకురావచ్చు. మీ ప్లాన్ బి ముందే రాసుకుని, ప్రొఫెసర్లకు ముందే చెప్పండి. యాక్సెస్ ఆగిపోయిన రోజు వాళ్లకు పబ్లిషర్ మెయిల్ ద్వారా విషయం తెలిస్తే కోపం మీ మీదే వస్తుంది.

వేరే కన్సార్టియంలతో మాట్లాడటం కూడా ఈ దశలోనే పనికొస్తుంది. ఐకాల్క్ అని ప్రపంచవ్యాప్తంగా లైబ్రరీ కన్సార్టియంలు కలుసుకునే అనధికారిక కూటమి ఒకటి 1990ల చివరినుంచి ఉంది. అది ఎవరి తరఫునా ఉండి కొనిపెట్టదు, కొనేవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే చోటు అంతే. ఎలక్ట్రానిక్ వనరుల కొనుగోలులో ఏ షరతులు కోరుకోవాలో 1998లోనే ఒక ప్రకటన ఇచ్చింది. డబ్బు తక్కువున్న దేశాల లైబ్రరీల కోసం ఈఐఎఫ్ఎల్ లాంటి సంస్థలు 1999 నుంచి నేరుగా పబ్లిషర్లతో మాట్లాడుతున్నాయి. పొరుగు కన్సార్టియం ఫలానా క్లాజ్ సాధించిందని తెలిస్తే, "ఇది మా పాలసీ, ఎవరికీ ఇవ్వం" అనే మాట అక్కడితో ఆగిపోతుంది. ధర చెప్పుకోలేకపోయినా క్లాజుల భాష చెప్పుకోవచ్చు, అసలు విలువ అందులోనే ఎక్కువ ఉంటుంది.

సంతకం తర్వాత

అందరూ హమ్మయ్య అనుకునే సమయంలో ఐపీ అడ్రస్‌ల (పబ్లిషర్ సర్వర్ మన సంస్థను గుర్తుపట్టే ఇంటర్నెట్ నంబర్ల) జాబితా పంపాలి. ఇరవై లైబ్రరీలను అడిగితే ఇద్దరు ముగ్గురైనా 192.168తోనో 10తోనో మొదలయ్యే నంబర్లు పంపుతారు. అవి సంస్థ లోపలి నెట్‌వర్క్ నంబర్లు, బయటి పబ్లిషర్‌కు కనిపించవు, వాటితో యాక్సెస్ రాదు. పంపే ముందు మీరే చూసుకుంటే రెండు వారాల ఫోన్ కాల్స్ తప్పుతాయి. అలాగే కేబార్ట్ (KBART) అనే ప్రామాణిక పద్ధతిలో టైటిల్స్ ఫైల్ అడిగి తీసుకోండి, అది మీ సెర్చ్ సిస్టమ్‌లోకి ఎక్కితేనే పాఠకుడికి ఆ జర్నల్ ఉందని తెలుస్తుంది.

యాక్సెస్ మొదలైన రోజు ఒక్కో లైబ్రరీలో ఒకర్ని కూర్చోబెట్టి, లైబ్రరీ లోపలినుంచి ఒకసారి, ఇంటినుంచి ఒకసారి, ఐదు టైటిల్స్‌లో కొత్త సంచిక ఒకటి, కాగితం ప్రకారం రావాల్సిన అతి పాత సంచిక ఒకటి తెరిపించి చూడండి. పాత సంచిక దగ్గర తలుపు తెరుచుకోకపోతే ఆ రోజే మెయిల్ పెట్టండి, స్క్రీన్‌షాట్‌తో సహా. ఆర్నెల్ల తర్వాత పెడితే "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదే" అంటారు.